కొసలతికే మనిషి

"ఉప్పు నీ బాబొచ్చి వేస్తాడా?"

ఆ మాట వినపడేసరికి పప్పుగిన్నె మీద నా చెయ్యి ఆగిపోయింది. మా ఆయన గొంతు. ఆ బొంగురు, మాట చివర కీచుమనే ఆ విరుపు, 'నీ బాబు' అన్నచోట వేసే ఆ ఒత్తు, అన్నీ ఆయనవే. నేను వెనక్కి తిరగలేదు. తిరిగి మాత్రం ఏం చూస్తాను? ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పైగా ఆ మాట వెనకనుంచి రాలేదు, నా నోట్లోంచే వచ్చింది. పెదాలింకా తెరుచుకునే ఉన్నాయి. పప్పులో ఉప్పు వేయలేదని గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను, జరిగింది అంతే. వంటింట్లో ఆడవాళ్లు తమలో తాము గొణుక్కోవడం కొత్తా? ఇరవై నాలుగేళ్లుగా ఇదే పొయ్యి ముందు గొణుక్కుంటున్నాను. ఇన్నాళ్లూ నా గొంతుతో గొణుక్కున్నాను.

ముందుగదిలో మంచం కిర్రుమంది. "చెంచయ్యా?" అంది మా అత్తయ్య సుబ్బరావమ్మ. "నువ్వేనా నాయనా?"

ఆవిడకు రెండు కళ్లూ మసకే. అలికిడిని బట్టి, గొంతును బట్టి మనుషుల్ని పోల్చుకుంటుంది. "నేనే అత్తయ్యా" అన్నాను. అదీ ఆ గొంతులోనే వచ్చింది. అవతల ఏడుపు మొదలైంది, సంతోషం పట్టలేని మనిషి ఏడ్చే ఏడుపు. పప్పు అడుగంటిన వాసన వస్తున్నా నేను అక్కణ్నుంచి కదల్లేకపోయాను.

గొంతు బొంగురుపోవడం చలికాలంలో మొదలైంది. మా నేతపేట చీరాల శివార్లలో ఉంది, అవతలి పల్లెల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రాజుకునే రోజులవి. గాలి అటునుంచి తిరిగితే తినే అన్నం కూడా ఆ వాసనే. జలుబనుకున్నాను. మిరియాల కషాయం తాగాను, తేనె నాకాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. సరిగ్గా ఇవే, ఇదే వరసలో, ఆయనకూ చేసిపెట్టాను అంతకుముందు. "వేడి చేసిందిలేవే, ప్రతిదానికీ ఆస్పత్రంటే మగ్గం ఎవడు నేస్తాడు?" అన్నాడు అప్పుడు. తీరా గుంటూరు తీసుకెళ్లేసరికి స్వరపేటిక మొత్తం తీసెయ్యాల్సి వచ్చింది. మెడకింద ఊపిరికి ఒక కన్నం పెట్టి ఇంటికి పంపించారు. ఆ తర్వాత ఏడాది పాటు ఆయన స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి పిలిచేవాడు. నీళ్లకి ఒకలాగ, కోపానికి ఒకలాగ. నా కాపురంలో అంత ప్రశాంతమైన ఏడాది ఇంకోటి లేదని చెబితే పాపం చుట్టుకుంటుందేమో. చుట్టుకోనీ. చివరికి ఆ జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకి ఆయన పోయాడు. పాడె లేచేటప్పుడు మా అత్తయ్య ఏడ్చింది కొడుకు కోసం కాదనిపించింది నాకు. "నోరారా ఒక్క మాట మాట్లాడి పోలేదురా" అని ఆ గొంతు కోసం ఏడ్చింది.

ఇక చుట్ట సంగతి. నూలున్న గదిలో అగ్గిపుల్ల గీయకూడదని మా నేతవాళ్ల ఇళ్లల్లో కట్టుబాటు. ఆయన కాళ్లు దింపుకుని కూర్చునే మగ్గం గుంటలోంచే కేకేసేవాడు, "ఏమే, చుట్ట అంటించి పట్రా!" ఆయన గుంటలోంచి లేచి అరుగు మీద కూర్చునేసరికి అంటుకున్న చుట్ట చేతికందాలి. చుట్టకి నిప్పు తగిలిస్తే చాలదు, పీల్చాలి. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో దగ్గొచ్చి కళ్లమ్మట నీళ్లు కారుతుంటే మా అత్తయ్య నవ్వింది. "మొగుడికి చుట్ట అంటించడం కూడా రాదా, మీ అమ్మ ఏం నేర్పిందే?" అంది. నేర్చుకున్నాను. మొదటి పొగ నాది, మిగతాది ఆయనది. రోజుకెన్ని అంటించానో, మొత్తం ఎన్ని పొగలు మింగానో ఆ దేవుడికే తెలియాలి. కాపురంలో ఆయన నాతో సమంగా పంచుకున్నది ఆ పొగ ఒక్కటే.

పప్పు మాడిన మర్నాడు నేను అన్నం కంచం మంచం దగ్గర పెడుతుంటే మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఒక్కసారి 'అమ్మా' అని పిలవవే."

"ఎవర్ని?"

"నన్నే. వాడిలాగ."

కాదనాలి. కానీ ఆ ముసలి ముఖం పైకెత్తి, చూపులేని కళ్లు రెప్పవేయకుండా తెరుచుకుని ఎదురుచూస్తుంటే ఎలా కాదంటాను? "అమ్మా" అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. "ఇంకొకటి" అంది. ఆయన రోజూ ఆవిణ్ని ఏమనేవాడో అది అన్నాను, "అన్నం తిన్నావటే?" అని. ఆవిడ చిన్నపిల్లలా బుద్ధిగా కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. అంతవరకు ఒక్క ముద్ద తినిపించడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది. "నీ చేతి వంట గడ్డిలా ఉంటుంది" అనే మనిషి, అదే వంటని కంచం ఖాళీ చేసి వేళ్లు నాకింది.

అలా మొదలైంది. ఇంట్లో ఇంకో పని పెరిగింది నాకు. నీళ్లు పట్టడం, వంట, అంట్లు, బట్టలు, కూలికి నూలు కండెలు చుట్టడం, ఆవిణ్ని దొడ్లోకి తీసుకెళ్లి తీసుకురావడం, వీటికి తోడు రోజూ కాసేపు చచ్చిపోయిన మొగుడిగా మాట్లాడడం. పోయినోడి కళ్లు చారెడు అంటారు కదా, ఆవిడకి ఆయన గొంతు చారెడైంది. "వాడెంత ముద్దుగా కోప్పడేవాడే!" అనేది. ముద్దుగా! నాకు గుర్తున్న కోపాల్లో ముద్దు ఎక్కడుందా అని నేనూ వెతుక్కున్నాను, దొరకలేదు.

అబద్ధమెందుకు, అందులో నాకూ ఒక రుచి తగిలింది. "మందేసుకో" అని నా మామూలు గొంతుతో అన్నేళ్లు మొత్తుకున్నా వినని మనిషి, ఆ గొంతు వినపడగానే గుటుక్కున మింగేది. నూలు షావుకారు ఫోన్ చేస్తే "ఎవరూ?" అన్నాను. "ఎవరండీ మాట్లాడేది, చెంచయ్య గారి తమ్ముడుగారా?" అన్నాడు. ఆయనకి తమ్ముళ్లెవరూ లేరు. అయినా "అవును" అన్నాను. అదే షావుకారు నేను వెళ్లి అడిగినప్పుడల్లా "మీ ఇంట్లో మగమనిషెవరైనా ఉంటే పంపమ్మా" అని తిప్పి పంపినవాడు. ఈసారి రెండు మాటల్లో మగ్గానికి నిలువుగా కట్టే మంచి నూలు పడుగు ఒకటి ఇంటికి పంపిస్తానని ఒప్పుకున్నాడు. ఫోన్ పెట్టేసి నవ్వుకున్నాను. నవ్వు కూడా ఆయనదే వచ్చింది. ముక్కుతో గుర్రుమనే ఆ నవ్వు విని నా నవ్వు నేనే మింగేశాను.

ఒక మధ్యాహ్నం అత్తయ్య నిద్రపోతోంది. వీధిలో ఎవరూ లేరు. ఆ గొంతు నా దగ్గరుంది కదా, నాకోసం ఒక్కసారి వాడుకుందామనిపించింది. ఆశ చూడండి! అద్దం ముందు నిలబడి, ఆయన నన్ను ఎన్నడూ అనని ఒక మాట ఆయన గొంతుతో అనుకుందామనుకున్నాను. పెద్ద మాటేం కాదు. "మాధవీ, నువ్వు తిన్నావా?" అని. ఇరవై నాలుగేళ్లలో ఆయన నన్ను పేరుతో పిలవలేదు. 'ఏమే', 'ఒసేయ్', 'దీన్ని', ఇవే నా పేర్లు. నోరు తెరిచాను. గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. మెడనరాలు ఉబ్బాయి, కళ్లల్లోకి నీళ్లొచ్చాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. పోనీ అని "తిండిపోతుదానా" అన్నాను. ఠక్కున, గంట కొట్టినట్టు, గదంతా మోగేలా వచ్చింది. అద్దంలో నా ముఖమే. పమిట నాది, ముక్కుపుడక నాది. మాటమాత్రం నావైపు తిరిగి నన్నే తిట్టింది. చెయ్యి గొంతు మీద వేసుకుంటే లోపల ఏదో వెచ్చగా కదిలినట్టనిపించింది. ఆ మధ్యాహ్నం నుంచి నేను అద్దానికి గుడ్డ కప్పి ఉంచాను.

ఆ వారంలోనే మా అమ్మాయి శ్రీరమ్య ఫోన్ చేసింది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం దానికి. సీజను కదా, లారీల రద్దీలో రోజుల తరబడి తీరిక ఉండదు. నేను "హలో" అన్నాను. అటునుంచి లారీల హారన్లు, హమాలీల అరుపులు వినిపిస్తున్నాయి.

"నాన్నా?" అంది అది చాలా చిన్నగా.

"నేనే తల్లీ, అమ్మని" అన్నాను. అది వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపులోనే కేకలేసింది. "ఎన్నాళ్లనుంచమ్మా ఈ గొంతు? నిజం చెప్పు! నాన్నకీ ఇలాగే కదా మొదలైంది! డాక్టరుగారు ఏం చెప్పారో మర్చిపోయావా? రేపొద్దున్నే బస్సెక్కు. నువ్వు రాకపోతే నేనే వచ్చి ఈడ్చుకెళ్తా."

మర్చిపోలేదు. ఎలా మర్చిపోతాను? ఆ డాక్టరమ్మ పేరు గుల్షన్. మేం ఏదడిగినా విసుక్కోకుండా చెప్పిన మనిషి. ఆయనకి లోపల స్కానింగు తీస్తుంటే నేను బయట బల్ల మీద కూర్చుని అడిగాను ఆవిణ్ని. "మనిషి ఎండిపోతున్నాడు డాక్టరమ్మా. మంచినీళ్లు కూడా దిగట్లేదు. మరి ఆ గడ్డ ఏం తిని పెరుగుతోంది? దానికి అంత ఆయుష్షెక్కడిది?"

ఆవిడ వచ్చి నా పక్కనే కూర్చుంది. "మన ఒంట్లో కణాలుంటాయి కదమ్మా, అవి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ ఉంటాయి. ఒక్కో కణంలో సన్నటి దారాల్లాంటివి ఉంటాయి. చీలిన ప్రతిసారీ ఆ దారాల కొసలు కొంచెం కొంచెం అరిగిపోతాయి. అరిగి అరిగి, ఇక చాలు అనే చోటికొస్తే ఆ కణం చీలడం ఆపేస్తుంది. దాని పని అయిపోయినట్టు. అలా ఆగిపోవడమే మనకు మంచిది."

"మరి ఇది ఆగదా?"

"టెలోమరేజ్ అని ఒకటుందమ్మా. అరిగిన కొసల్ని మళ్లీ అతికి పొడుగుచేసే ఎంజైము. మనం తల్లి కడుపులో పెరిగేటప్పుడు అది గట్టిగా పనిచేస్తుంది. పుట్టాక గొంతులాంటి చోట్ల చాలావరకు నిద్రపోతుంది. ఏళ్లతరబడి పొగతో చెడిపోయిన కణాల్లో ఏవో కొన్ని దాన్ని మళ్లీ నిద్రలేపుకుంటాయి. గొంతు క్యాన్సర్లలో చాలావాటిల్లో అది మేలుకునే ఉంటుంది. ఇక కొస అరగదు. ఆ కణానికి ఆగడమనేది ఉండదు, చావు రాదు."

"అయితే జబ్బు పుట్టించేది అదేనా?"

"కాదమ్మా. చెడగొట్టింది పొగ. ఇంకా సవాలక్ష కారణాలుంటాయి. అది పుట్టించదు, పుట్టినదాన్ని ఆగనివ్వదు." తర్వాత నా ముఖంలోకి చూసి అంది, "దాన్ని ఆపే మందు కోసం వెతుకుతున్నారు, గొంతుకు వాడే మందు ఇంకా మన చేతికి రాలేదు. అందుకే తొందరగా రావాలి. మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే ఎవరైనా సరే చూపించుకోవాలి. నువ్వైనా సరే. ఇంట్లో ఆ పొగ నువ్వూ పీల్చావుగా?"

చుట్ట అంటించి ఇచ్చేది నేనే అని ఆవిడకు నేను చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. కానీ కొసలు అతకడం అనగానే నాకు మా ఇంటి మగ్గం కళ్లముందు మెదిలింది. పాత పడుగు నేత అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం తీసెయ్యరు. కాస్త కొస మగ్గం మీదే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక ఒక్కో కొత్త పోగునూ ఒక్కో పాత కొసకు ఆనించి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతకాలి. అచ్చు అతకడం అంటాం. వేలల్లో పోగులు. మెడలు పట్టేస్తాయి, కళ్లు మండుతాయి, ఒక్క పోగు తప్పితే బట్టంతా తప్పు. అది ఆడవాళ్ల పని. ఆడవాళ్ల పని కాబట్టి పని కిందికి రాదు. "అతకడమూ ఒక పనేనా, కూచుని చేసేదేగా! నేసేవాడిది పని" అనేవాడు ఆయన. కూలి ఆయన చేతికి వచ్చేది, పేరు ఆయనకి వచ్చేది. పాత పడుగెప్పుడూ పూర్తిగా అయిపోయేది కాదు. ఎందుకైపోతుంది? నేనున్నాను కదా అతకడానికి.

అమ్మాయి ఫోన్ పెట్టేశాక అత్తయ్యతో చెప్పాను, రేపు గుంటూరు వెళ్తున్నానని. ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది.

"ఎందుకు?"

"గొంతు చూపించుకోవాలి."

"గొంతుకేమైందీ? బంగారంలా ఉంది. రాకరాక వచ్చిందే వాడి గొంతు! పోయి దాన్నీ కోయించుకొస్తావా?" ఆవిడ వేలు గాలిలో నా వైపు ఆడింది. "నువ్వెక్కడికీ పోవద్దు. షావుకారు పడుగు పంపాడుగా, ఇవాళ అతుకు. మగ్గం సిద్ధంగా ఉంటే వాడే దిగుతాడు గుంటలోకి. గొంతొచ్చింది, కాళ్లూ చేతులూ రావా?"

ఆ మాట విన్నాక మగ్గం దగ్గరికి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. పట్టపగలు, వాకిట్లో ఎండ ఫెళ్లున కాస్తోంది, అవతల వీధిలో ఎవరిదో మగ్గం టకటకలాడుతోంది. అయినా మా మగ్గం గుంట చీకటిగానే ఉంది. ఎనిమిది నెలలుగా అందులోకి ఎవరూ దిగలేదు. పోగులు దూరే దువ్వెనలాంటి పన్నె మీదుగా ఆయన నేసి వదిలేసిన పడుగు కొసలు వేలాడుతున్నాయి. వాటి మీద దుమ్ము కూడా లేదని అప్పుడు గమనించాను. తర్వాత తెలిసింది, అత్తయ్యే రోజూ మంచం దిగి తడుముకుంటూ వచ్చి వాటిని కొంగుతో తుడుస్తోందట.

వద్దనుకుంటూనే పీట వేసుకుని కూర్చున్నాను. చేతులకు అలవాటు అలాంటిది, మనసు వద్దన్నా చేసుకుపోతాయి. బూడిద అద్దుకున్నాను. మొదటి పాత కొస పట్టుకుని, కొత్త పోగు ఆనించి మెలిపెట్టాను.

"చచ్చుదానా" అంది నా గొంతు.

నేను అనలేదు. అనాలని కూడా అనుకోలేదు. ఇంకో పోగు తీసుకున్నాను, మెలిపెట్టాను. "నీకు తెలిసేడ్చిందేంటి?" ఇంకోటి. "మీ వాళ్లు పెంచిన పెంపకం అలాంటిది." ఇంకోటి. "ఆడదానికి అంత నోరేంటే?" పోగుకొక మాట. ఎప్పుడెప్పుడో అన్నవి, నేను మర్చిపోయానని అనుకున్నవి. అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రి గుమ్మంలో అన్నది. మా నాన్న పోయిన కబురొస్తే "పడుగు దించాక వెళ్దువుగానిలే" అన్నది. ఒకసారి పిన్నెల్లి నుంచి వచ్చిన చుట్టాల ముందు నేను నేసిన చీర చూపించి "ఇది నేనే నేశా" అన్నది. వేళ్లు మెలిపెట్టినప్పుడల్లా ఒక్కోటీ లోపల్నుంచి తోసుకొచ్చి అదే బొంగురుతో, అదే ఒత్తుతో బయటపడుతోంది. గుంట మూలల్లోంచి తిరిగి నాకే వినిపిస్తోంది. ఆపుదామంటే నోరు ఆగడం లేదు, వేళ్లు ఆగడం లేదు. వెనక మంచం మీద మా అత్తయ్య పాట వింటున్నట్టు తల ఊపుతూ "ఊఁ... ఊఁ..." అంటోంది.

అప్పుడు భయం పోయి కోపమొచ్చింది నాకు. అంత కోపం ఆయన బతికుండగా ఒక్కనాడైనా రాలేదే అని ఇంకా కోపమొచ్చింది. ఆయన నోరు ఎప్పుడో మూతపడింది. గొంతుపెట్టెను డాక్టర్లు తీసేశారు, మనిషిని కాటికి పంపాం, బూడిద కూడా సముద్రంలో కలిపాం. మరి ఈ మాటలకు ఆయుష్షెక్కడిది? ఏం తిని బతుకుతున్నాయి ఇవి? ఈ మాటల్ని నేను పుట్టించలేదు. కానీ ఆయన అన్న ప్రతిదాన్నీ మనసులో పెట్టుకుని, రాత్రీ పగలూ నాకు నేను చెప్పుకుని, అరిగిపోబోతుంటే మళ్లీ మెలిపెట్టి, ఇన్నాళ్లూ వీటిని ఆగనివ్వనిది ఎవరు? పప్పులో ఉప్పు మర్చిపోతే ఆయన లేకపోయినా ఆయన మాట తెచ్చి నన్ను కొట్టుకున్నది ఎవరు? ఊరుకున్నంత ఉత్తమం లేదని మా అమ్మ చెప్పింది. ఊరుకోవడమంటే పైకి ఊరుకోవడమే, లోపల మాత్రం ఒక్క పోగూ తెగకుండా చూసుకున్నాను. ఆ డాక్టరమ్మ చెప్పిన టెలోమరేజ్ ఈ ఇంట్లో నేనే.

కత్తెర తీసుకున్నాను. నేతవాళ్లింట్లో పాత పడుగు కొసలు కోసెయ్యడం అంటే చెయ్యకూడని పని. అవి పోతే మళ్లీ ఒక్కో పోగునూ మొదట్నుంచీ పన్నెలో దూర్చుకోవాలి. ఎంత నష్టమొచ్చినా ఎవరూ ఆ పని చెయ్యరు. నేను ఒక అంచునుంచి మొదలుపెట్టి రెండో అంచుదాకా కోసుకుంటూ పోయాను. పోగులు తెగేటప్పుడు చిన్న చప్పుడు, వాన మొదలైనప్పుడు తాటాకు మీద వినపడేలాంటిది. మొత్తం తెగి గుంటలోకి జారిపోయాక ఇల్లంతా నిశ్శబ్దమైంది. నా నోరు కూడా.

"ఏమే, ఆగావేం?" అంది అత్తయ్య. "వాడు మాట్లాడటం ఆపాడేం?"

ఆ రోజంతా పెదవి విప్పలేదు. నోరు తెరిస్తే ఎవరి గొంతు వస్తుందో నాకే తెలియదు. అత్తయ్య అన్నం ముట్టలేదు, మందేసుకోలేదు. ఆ గొంతుతో ఒక్క మాట అంటే చాలు, తింటుంది, మింగుతుంది, నా పని తేలికవుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అనలేదు. ఆ గొంతు పోతే షావుకారు మళ్లీ నన్ను వాకిట్లోనే నిలబెడతాడని తెలుసు. ఈ ఇంట్లో నా మాట మళ్లీ గడ్డిపోచవుతుందనీ తెలుసు. అయినా అనలేదు.

పొద్దున్నే పక్కింటి రెబ్కాని పిలిచాను సైగతో. మిరపకోతలకి వెళ్లే మనిషి, నా కోసం ఆ రోజుకి పని మానుకుంది. "అమ్మమ్మని నేను చూసుకుంటాలే అక్కా, నువ్వు పోయిరా. పొన్నూరు మీదుగా పోయే గుంటూరు బస్సు ఇంకాసేపట్లో వస్తది" అంది. నేను సంచిలో ఒక జత బట్టలు, ఆయన పాత రిపోర్టులు పెట్టుకున్నాను. ఒప్పుకుంటాను, నాకు భయంగా ఉంది. నా గొంతులో ఏముందో, ఏ కొస ఎక్కడ మేలుకుందో, ఆ డాక్టరమ్మ గొంతులోకి అద్దం పెట్టి చూసి ఏం చెబుతుందో నాకు తెలియదు. నాకూ మెడకింద కన్నం పెడతారేమో. ఏమీ లేదని పంపిస్తారేమో. ఏదైనా సరే, తెలుసుకోవాలి.

గుమ్మం దాకా వచ్చేసరికి వెనక చప్పుడైంది. అత్తయ్య మంచం దిగి, గోడ పట్టుకుని, తడుముకుంటూ మగ్గం దాకా వచ్చింది. ఆవిడ చెయ్యి పన్నె మీద పాకింది. కొసల కోసం వెతికింది. ఖాళీ తగిలింది. మళ్లీ వెతికింది.

"ఏం చేశావే?" అని అరిచింది. "ఏం చేశావే నా కొడుకుని? గొంతు కూడా కోయించడానికి పోతున్నావా? చెంచయ్యా! ఒరేయ్ చెంచయ్యా, దీన్ని ఆపరా! నోరు విప్పరా నాయనా!"

లోపల్నుంచి అది లేచింది. నాకు స్పష్టంగా తెలిసింది. "పోయి కూర్చోవే" అన్న మాట గొంతులోకి ఎక్కి, నాలుక వెనకదాకా వచ్చి నిలబడింది. మింగాను. ముల్లు దిగినట్టు నొప్పి పుట్టింది. మళ్లీ లేచింది, మళ్లీ మింగాను. రెబ్కా నన్నూ అత్తయ్యనూ మార్చి మార్చి చూస్తోంది. ఇన్నాళ్లూ మాట్లాడాలంటే గొంతును బిగించేదాన్ని, వినపడదేమోనని, ఎవరూ వినరేమోనని. ఈసారి బిగించలేదు. ఊపిరి వదిలి, వచ్చినంతే రానిచ్చాను. సన్నగా, జీరగా, మధ్యలో విరుగుతూ వచ్చింది. అది ఆయనది కాదు. నాకు అలవాటైన నాది కూడా కాదు. ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు దాన్ని.

"ఆయన గొంతు ఎప్పుడో తీసేశారత్తయ్యా" అన్నాను. "ఇది నాది. ఉంటే నాకుంటుంది, పోతే నాదే పోతుంది."

అత్తయ్య అరుపు ఆగిపోయింది. మగ్గం పట్టుకుని, తల ఒకవైపు వంచి, చెవి నావైపు పెట్టింది. ముఖంలో కోపం లేదు. కొత్తమనిషి వాకిట్లోకి వస్తే సర్దుకున్నట్టు పమిట సర్దుకుంది.

"ఎవరమ్మా మీరు?" అంది.

"మాధవీలతని" అన్నాను.